ఏమీ దాచని దర్జీ

ఆదాయం దాచనందుకు మా వీధి దర్జీని పన్నుల శాఖవారు పట్టుకున్నారు. శాఖ చురుకుదనాన్ని మేమంతా మెచ్చుకున్నాం.

నేరం తీవ్రమైనదే. అడగకుండానే బిల్లు రాసి చేతిలో పెట్టే ఈ మనిషి, పన్ను కాగితంలో కుట్టుకూలి మొత్తం చూపించింది చాలక, అడుగున తన చేతిరాతతో ఇలా చేర్చాడు: "అందరి బట్టల్లో మిగిలిన పీలికలతో సంచులు కుట్టి అమ్మాను. ఆ డబ్బు కూడా ఇందులో కలిపాను." శాఖ పుట్టిన నాటి నుంచి ఏ దర్జీ ఇలాంటి మాట రాసిన దాఖలా లేదు. కాగితం ఒక బల్ల మీది నుంచి ఇంకో బల్లకు తిరిగింది. చదివిన ప్రతి గుమాస్తా తను వేసుకున్న చొక్కాను ఒకసారి అనుమానంగా తడిమి చూసుకున్నాడు. చివరికి తనిఖీ అధికారి విషయం తేల్చాడు. పీలికలే చూపించినవాడు తానులు దాచి ఉంటాడు.

ఇక్కడ మా వీధి పద్ధతి కాస్త చెప్పాలి. గిన్నెల కొట్టు యజమాని ఏటా తన వ్యాపారంలో సగం చూపిస్తాడు. శాఖవారు వచ్చి, కాదు, దీనికి రెట్టింపు అంటారు. ఆయన కళ్లనీళ్లు పెట్టుకుంటాడు. వాళ్ల మనసు కరిగి కొంత తగ్గిస్తారు. శాఖకు అదనపు వసూలు, ఆయనకు మిగులు, దేశానికి శాంతి. ఇంత చక్కగా సాగుతున్న మర్యాదకు దర్జీ మొదటే మొత్తం చూపించేసి చోటు లేకుండా చేశాడు.

తనిఖీ బృందం కొట్లో దిగింది. పీలికలను రంగుల వారీగా గుట్టలు పోసి తూచింది. కుర్చీ మీది దిండు విప్పి దూది పీకింది. దర్జీ టేపుతోనే దర్జీ గోడలు కొలిచింది. ఏమీ దొరకలేదు. ఏమీ దొరక్కపోవడం దాచడంలో ఆరితేరినవాళ్ల లక్షణమని నివేదికలో రాసుకుని కుట్టుమిషనుకు సీలు వేసింది. ఫైలు మూసేదాకా మిషను తిరగకూడదు. ఫైలు మూయాలంటే ఏదో ఒకటి దొరికి తీరాలి.

ఆ మిషను పక్కనే బడిపిల్లల యూనిఫారాలు కత్తిరించి పెట్టి ఉన్నాయి. బడి తెరిచేలోగా ఇవ్వకపోతే ఆ పని పక్క వీధికి పోతుంది. ఏడాదిలో సగం రోజులు ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది దాని మీదే.

"ఆ ఒక్క మాటా రాయకపోతే ఏమయ్యేదండీ?" అంది దర్జీ భార్య.

"వచ్చిన డబ్బే కదా. రాశాను."

"గిన్నెల కొట్టు అన్నయ్యకు రాలేదా? ఆయన రాశాడా?"

దర్జీ కత్తెర తుడుచుకుంటూ కూర్చున్నాడు. అప్పటికి ఆ కత్తెరను చాలాసార్లు తుడిచాడు.

తోటి దర్జీలు కూడా వచ్చారు, ఓదార్చడానికి అనుకున్నాం. ఇతని పుణ్యమా అని జనమంతా మిగిలిన గుడ్డ ఏమైందని నిలదీస్తున్నారట. "మా కడుపు కొట్టావు కదయ్యా" అనేసి, ఇచ్చిన టీ తాగి వెళ్లారు.

దర్జీ అప్పీలుకు పోయాడు. పెద్ద అధికారి ఓపికగా విని, కళ్లజోడు తీసి, ఇలా సెలవిచ్చాడు. "చూడు బాబూ. పౌరుడు దాస్తాడు, శాఖ వెతుకుతుంది. ఎన్ని కుటుంబాలు ఈ వెతుకులాట మీద బతుకుతున్నాయో నీకు తెలుసా? అందరూ నీలాగే మొత్తం చూపించేస్తే ఈ భవనం ఎందుకు, ఈ కుర్చీలెందుకు, అసలు నేనెందుకు? నీ ఒక్కడి నిజాయతీ కోసం ఇంతమందిని రోడ్డున పడేయమంటావా?" గుమాస్తాల కళ్లు చెమర్చాయి. దర్జీ కూడా నిజంగానే తప్పు చేశానేమోనని తల దించుకున్నాడు.

చివరికి మా వీధి లెక్కలన్నీ చూసే ఆడిటరుగారు దారి చూపించారు. పాత కాగితం పొరపాటున ఇచ్చానని చెప్పి, కిందటేటి యూనిఫారాల కూలి సగం తగ్గించి, పీలికల ఊసెత్తకుండా కొత్తది ఇవ్వాలి.

"అబద్ధం రాయాలంటే చెయ్యి ఆడట్లేదండీ" అన్నాడు దర్జీ.

"మొదట్లో అందరికీ అంతే. మెల్లగా అలవాటవుతుంది" అని ఆయన ధైర్యం చెప్పారు.

కొత్త కాగితం అందిన పూటే తనిఖీ అధికారి దాని పక్కన పాతది పెట్టుకుని, దాచిన సొమ్మంతా చిల్లరతో సహా కనిపెట్టాడు. ఆ ప్రతిభకు శాఖ ఆయనకు ప్రశంసాపత్రం ఇచ్చింది. దర్జీకి జరిమానా పడింది, ఫైలు మూతపడింది, సీలు ఊడింది. "ఇప్పుడు మనిషివయ్యావు" అని అధికారి దర్జీ భుజం తట్టి, తన ప్యాంటు గుడ్డ ఒకటి కుట్టమని ఇచ్చాడు. మిగిలిన పీలికలు మాత్రం తిరిగివ్వమన్నాడు.

యూనిఫారాలు సమయానికి అందాయి. వాటి కూలి మొత్తం జరిమానాకు సరిపోయింది. వీధివాళ్లం ఒక చిన్న సభ పెట్టి దర్జీని అభినందించాం. గిన్నెల కొట్టు యజమాని లేచి, ఇన్నాళ్లకు మనలో ఒకడయ్యాడని గద్గద స్వరంతో ప్రకటించాడు.

నిన్న నా చొక్కా తెచ్చుకోవడానికి కొట్టుకు వెళ్లాను. దర్జీ చొక్కా మడత పెట్టి, అలవాటు కొద్దీ బిల్లు పుస్తకం తీయబోయి ఆగాడు. నా మొహంలోకి చూడకుండా అడిగాడు.

"బిల్లు రాయనా అండీ? వద్దంటే పన్ను డబ్బులు తగ్గించి తీసుకుంటాను."

ఎలాంటి మనిషిని ఎలా చేసేశారని నాకు గుండె తరుక్కుపోయింది. ఆ బాధలోనే, మీరైతే ఏం చెప్పేవారో నేనూ అదే చెప్పాను.