స్తెఫను వాయిదా వేసిన పరీక్ష

ఆ ఆదివారానికి స్తెఫను వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. అయిదింటికి లేవడం, ఆరున్నరకు చర్చిలో మొదటి ఆరాధన, తొమ్మిదికల్లా ఇల్లు చేరి పన్నెండు దాకా ఇంగ్లీషు ప్యాసివ్ వాయిస్ వల్లె వేయడం, చేపల పులుసుతో ఇంత అన్నం తిని ఒంటిగంటకు మూసారాంబాగ్ బయల్దేరడం. రెండు గంటలకు అక్కడి సర్కారు బడిలో పరీక్ష. అటెండర్లు జూనియర్ అసిస్టెంట్లు కావాలంటే రాయవలసిన పరీక్ష అది. స్తెఫను ఇంతకుముందు రెండుసార్లు రాశాడు, రెండుసార్లూ ఇంగ్లీషే ముంచింది. నలభై అయిదు నిండినవాళ్లు పనికిరారని రూలు. స్తెఫనుకు వచ్చే నెల పన్నెండున నలభై అయిదు నిండుతాయి. ఈ మధ్యాహ్నం తప్పిందంటే రిటైరయ్యేదాకా ఆఫీసరు బెల్లు కొట్టినప్పుడల్లా లేచి ఉరకవలసిందే.

అది 2010 ఫిబ్రవరి, తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న కాలం. దిల్‌సుఖ్‌నగర్ జనం నిద్ర లేవగానే పాల ప్యాకెట్ సంగతి తర్వాత, ముందు "ఇయ్యాల బంద్ ఉందా?" అని అడిగేవారు. ఇక పరీక్షల మాట చెప్పనే అక్కర్లేదు. ఫలానా తేదీన జరుగుతుందంటే ఒక్కడూ నమ్మేవాడు కాదు. వాయిదా పడిందంటే మాత్రం ఎవరు చెప్పారని కూడా అడక్కుండా నమ్మేవారు.

ఎల్బీనగర్‌లో స్తెఫను పనిచేసే ఆఫీసుకు సూపరింటెండెంటు కుసుమకుమారి. గుంటూరు వైపు మనిషి. మాట కటువు, మనసు మంచిది. స్తెఫను మూడోసారి పరీక్ష కడుతున్నాడని తెలిసి భోజనాల వేళ తన టైపు మిషను వాడుకోనిచ్చింది. "పుస్తకంలో ఎలుకలూ పిల్లులూ నీకెందుకు స్తెఫనూ? నీ కంటికి కనిపించేవి రాయి. ఒక్కో వాక్యాన్నీ అన్ని కాలాల్లోనూ తిప్పి రాయి. అప్పుడే పట్టుబడుతుంది" అంది. ఆఫీసు పాత చిరునామా అచ్చయిన లెటర్‌హెడ్లు బీరువా నిండా మూలుగుతుంటే వాటినే చిత్తు కాగితాలుగా వాడుకోమంది కూడా.

ఆ రోజుల్లో స్తెఫను కంటికి కనిపించేవి రెండే రెండు. వాయిదా పడే పరీక్షలు, వంట చేసే భార్య. అందుకని లెటర్‌హెడ్ మీద శుభ్రంగా ఇలా టైపు చేశాడు: "ది ఎగ్జామినేషన్ ఈజ్ పోస్ట్‌పోన్డ్. ది ఎగ్జామినేషన్ ఈజ్ బీయింగ్ పోస్ట్‌పోన్డ్. ది ఎగ్జామినేషన్ హాజ్ బీన్ పోస్ట్‌పోన్డ్. ది ఎగ్జామినేషన్ విల్ బీ పోస్ట్‌పోన్డ్." పరీక్ష వాయిదా వేయబడును, వేయబడుచున్నది, వేయబడినది, వేయబడగలదు. వాటి కింద చేపల కూర వాక్యాలు. మొత్తం పేజీలో ఒక్క తప్పు లేదు. ఇంగ్లీషు పేరు చెబితే చెమటలు పట్టిన మనిషి నెల రోజుల్లో అక్కడికి వచ్చాడంటే మాటలు కాదు.

చర్చి నుంచి వస్తూ ఆ కాగితాన్ని చైతన్యపురిలో పట్టాభి జిరాక్సు షాపులో ఇచ్చాడు. ఇంట్లో భార్య ఎలీశమ్మ ఒక కాగితం పట్టుకుని ప్రశ్నలడగాలి, తనొకటి దగ్గర పెట్టుకోవాలి, అందుకని ఒక కాపీ కావాలన్నాడు. అంతలో కరెంటు పోయింది. "వచ్చాక తీసుంచుతానండీ, మీరు పని చూసుకుని రండి" అన్నాడు పట్టాభి. స్తెఫను చేపలు కొనుక్కుని వచ్చేసరికి కాపీ సిద్ధంగా ఉంది. రెండు కాగితాలూ తీసుకుని ఇంటికి పోయాడు.

పట్టాభికి ఒక అలవాటు ఉంది. నోటీసులాంటిది ఏది జిరాక్సుకొచ్చినా ఒక కాపీ ఎక్కువ తీసి షాపు అద్దానికి అంటిస్తాడు. చుట్టుపక్కల హాస్టళ్ల పిల్లలు చదవడానికొచ్చి తలా ఒకటి తీయించుకుపోతారు. వ్యాపారం. ఆ రోజూ అదే చేశాడు. కాగితం కింది సగం లేడీస్ హాస్టల్ ప్రకటన వెనక్కి పోయింది. పైన లెటర్‌హెడ్డూ నాలుగు వాక్యాలూ మాత్రం దివ్యంగా కనిపిస్తున్నాయి. "నాలుగుసార్లు చెప్పారంటే గట్టిగానే వాయిదా వేసుంటారు" అన్నాడు పట్టాభి, అడిగిన వాళ్లందరితోనూ.

ఏ పరీక్ష అని ఎవరూ అడగలేదు. ఎవరి పరీక్ష వాళ్లదే అనుకున్నారు. పదకొండయ్యేసరికి హాస్టళ్ల పిల్లలు పుస్తకాలు మూసి క్రికెట్ బ్యాట్లతో రోడ్డెక్కారు. పదకొండున్నరకు అటువైపు వచ్చినవాడు ఆనంద్ కుమార్. మలక్‌పేట ఆఫీసులో అటెండరు, అతనూ అదే పరీక్ష రాయాలి. తమ శాఖ లెటర్‌హెడ్ చూడగానే యూనియన్ లీడరుకు ఫోన్ కొట్టాడు. లీడరు తన దగ్గరున్న నంబర్లన్నిటికీ మెసేజ్ పెట్టాడు. రాయవలసినవాళ్లు మొత్తం అరవై మంది. పన్నెండున్నరకల్లా ఆనంద్ కుమార్ కాక యాభై ఎనిమిది మంది చొక్కాలు విప్పి లుంగీలు కట్టుకున్నారు.

మిగిలిన ఒక్కడు స్తెఫను. అతనికి ఆనంద్ కుమార్ షాపు దగ్గర నుంచే స్వయంగా ఫోన్ చేశాడు. "అన్నా, ఎగ్జామ్ పోస్ట్‌పోన్ అయింది. కాయితం నా కండ్ల ముంగటనే ఉంది."

"ఏందీ! జర సదువు తమ్మీ."

ఆనంద్ కుమార్ నాలుగు వాక్యాలూ చదివాడు. స్తెఫను కళ్లు మూసుకుని, ఒక్కొక్కటీ పైకి అనుకుంటూ విన్నాడు. పరీక్ష పోయిందన్న దిగులు కంటే ముందు అతనికి ముచ్చటేసింది. "ఎవలు రాసిండ్రో గానీ మస్తు రాసిండ్రు. ఒక్క తప్పు లేదు" అన్నాడు. ఆ తర్వాత వాయిదా ఎన్నాళ్లకో, పన్నెండో తేదీ దాటితే తన గతి ఏమిటో గుర్తొచ్చి మంచం మీద కూలబడ్డాడు.

పొయ్యి దగ్గర నుంచి ఎలీశమ్మ గరిటెతో సహా వచ్చింది. ఆవిడ చదివింది ఏడో తరగతే. కానీ నెల రోజులుగా మొగుడి చేత ఆ వాక్యాలే అప్పజెప్పించీ అప్పజెప్పించీ ఆవిడకే ముందు వచ్చేసింది. "ఏందయ్యా, ఆ నాలుగూ నీ కాయితంల ఉన్నయే గదా! అయిదోది ఏందో అడుగు."

"తమ్మీ, కింద ఇంకేమన్నా ఉందా?"

ఆనంద్ కుమార్ హాస్టల్ ప్రకటన అంచు పైకెత్తి చూశాడు. "ఉందన్నా. ది ఫిష్ కర్రీ ఈజ్ బీయింగ్ కుక్డ్ బై ఎలీశమ్మ. గీ ఎలీశమ్మ ఎవరన్నా? కొత్తగొచ్చిన కమిషనర్ మేడమా?"

స్తెఫను చేతిలోంచి ఫోన్ జారింది. ఎలీశమ్మ స్టవ్ ఆపేసింది. గడియారం ఒంటిగంటకు పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

"ఇప్పుడే పోతే పరీక్షకు అందుకుంటం" అన్నాడు స్తెఫను చొక్కా వేసుకుంటూ.

"మరి మిగిలినోళ్లు? నీ కాయితం చూసి వాళ్ల నోటికాడి కూడు పోవాల్నా? ముందుగాల చైతన్యపురికి పా" అంది ఎలీశమ్మ.

అదీ మనిషంటే. నా మాటగా రాసుకోండి, ఆ క్షణంలో అలా అనగలిగినవాళ్లు నూటికి ఒక్కరుంటే గొప్ప. ఇద్దరూ పాత స్కూటరెక్కి గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ లారీల మధ్య నుంచి చైతన్యపురి చేరారు. దారి పొడవునా ఎలీశమ్మ వెనక కూర్చుని కాగితం చూసి ప్రశ్నలడుగుతూనే ఉంది.

షాపు ముందు జనం. స్తెఫను వాళ్లను తోసుకుంటూ వెళ్లాడు. "పట్టాభి గారూ, గది నోటీసు గాదు. నేను ప్రాక్టీసు కోసం టైపు కొట్టుకున్న కాయితం. దించుండ్రి!"

పట్టాభి కళ్లజోడు సర్దుకున్నాడు. "మీరు కొట్టారా? స్తెఫను గారూ, ఏమీ అనుకోకండి. ఇరవై ఏళ్లుగా ఈ మిషను మీద రకరకాల ఇంగ్లీషు చూశాను. ఇలాంటిది అటెండర్లు రాసేది కాదండీ. తక్కువలో తక్కువ గెజిటెడ్ ఆఫీసరు రాసుంటాడు."

ఎవరికైనా ఒళ్లు మండాలి. స్తెఫనుకు మాత్రం ఛాతీ రెండంగుళాలు పొంగింది. "ఏమన్నరు? మళ్లొకసారి చెప్పుండ్రి" అన్నాడు. ఎలీశమ్మ వెనక నుంచి గట్టిగా గిల్లింది.

"తమ్మీ, నువ్వన్నా నమ్మురా!" అని ఆనంద్ కుమార్ చేయి పట్టుకున్నాడు స్తెఫను.

"అన్నా, పోయినసారి ఇంగ్లీషుల నీకెన్ని మార్కులొచ్చినయో నాకు తెల్వదా? గింత మంచిగ నువ్వెట్ల రాస్తవే!"

"ఎలీశమ్మ అంటే నేనే" అంది ఎలీశమ్మ ముందుకొచ్చి.

ఆనంద్ కుమార్ ఆవిడను పైనుంచి కింద దాకా చూశాడు. చేతిలో ఇంకా గరిటె ఉంది. "వదినా, అన్నంటే పరేషాన్‌ల ఉన్నడు. నువ్వు గూడ మజాక్ చేస్తే ఎట్ల?" అన్నాడు.

ఇక లాభం లేదు. స్తెఫను యూనియన్ లీడరుకు ఫోన్ చేస్తే ఆయన వినకుండానే "మన పోరాటం ఫలించింది స్తెఫనూ, హెడ్డాఫీసుకు గూడ థ్యాంక్స్ చెప్పిన" అని పెట్టేశాడు. ఒకటీ ఇరవై. స్కూటరు మూసారాంబాగ్ వైపు తిరిగింది.

దిల్‌సుఖ్‌నగర్ దగ్గర ర్యాలీ. రోడ్డంతా జెండాలు, డప్పులు. బండి పక్కన పెట్టి ఇద్దరూ జనంలోంచి నడక సాగించారు. జెండా పట్టుకున్న కుర్రాడొకడు ఆపాడు. "ఏడికి కాకా, గంత ఉరుకుడు?"

"పరీక్షకు బిడ్డా."

"వాయిదా పడ్డది గదా! మన ర్యాలీ దెబ్బకే! జై తెలంగాణ!"

"జై తెలంగాణ" అన్నాడు స్తెఫను మనస్ఫూర్తిగా, నడుస్తూనే. పక్కన టిఫిన్ సెంటర్ అరుగు మీద విజయవాడ పెద్దాయనొకడు "ఈ ర్యాలీల మూలంగానే కదండీ పరీక్షలన్నీ వాయిదా పడి చస్తున్నాయి" అని నిట్టూర్చాడు. కీర్తి ఒకరిచ్చారు, నింద ఒకరు వేశారు. వాయిదా వేసిన మనిషి మాత్రం ఇద్దరి మధ్య నుంచీ చెమటలు కక్కుకుంటూ పోయాడు.

బడి చేరేసరికి రెండుకు రెండు నిమిషాలు. ఎలీశమ్మ గేటు దగ్గర నిలబడిపోయింది. హాల్లో అరవై బల్లలు, అరవై నంబర్లు, ఒక్క కుసుమకుమారి. ఆ రోజు పరీక్ష డ్యూటీ ఆవిడదే.

"నువ్వొక్కడివేనా? మిగతావాళ్లేరి?"

"మేడం, ఒక మాట చెప్పాలె..."

"పరీక్ష హాల్లో మాటల్లేవు. వచ్చి సీలు చూడు, సంతకం పెట్టు."

ప్రశ్నపత్రాల కట్టకు వేసిన లక్క సీలు ఎవరూ తీయలేదని అభ్యర్థి చూసి సంతకం పెట్టాలి, ఆ తర్వాతే కట్ట విప్పాలి. స్తెఫను చూశాడు, పెట్టాడు. సరిగ్గా రెండింటికి కుసుమకుమారి సీలు తెంచి ఒక ప్రశ్నపత్రం అతని ముందు పెట్టింది.

రెండూ పదికి హెడ్డాఫీసు నుంచి ఒక మనిషి మోటారు సైకిల్ మీద ఆర్డరు పట్టుకొచ్చాడు. అక్కడ జరిగింది ఇది. యూనియన్ లీడరు థ్యాంక్స్ చెప్పగానే ఆదివారం డ్యూటీలో ఉన్న చిన్న ఆఫీసరు, వాయిదా వేసింది పెద్దాఫీసరనుకున్నాడు. పెద్దాయన, చిన్నాయన వేశాడనుకున్నాడు. తెలియదంటే పరువు తక్కువ గనక ఇద్దరూ "అవునవును" అన్నారు. తీరా ఫైల్లో ఆర్డరు కాపీ లేదు. మనిషిని పంపి పట్టాభి షాపులో ఒకటి తెప్పించి, చేపల కూర వదిలేసి, పై నాలుగు వాక్యాలూ ఉన్నవి ఉన్నట్టు టైపు కొట్టి సంతకం పెట్టేశారు. ప్రభుత్వం ఒక పరీక్షను ఏకకాలంలో నాలుగు కాలాల్లో వాయిదా వేయడం అదే మొదలనుకుంటాను.

కుసుమకుమారి ఆర్డరు చదివింది. మళ్లీ చదివింది. "ఈ వాక్యాలు నేనెక్కడో దిద్దానే" అంది.

స్తెఫను లేచి నిలబడ్డాడు. "నేనే మేడం. ప్రాక్టీసు కాయితం. జిరాక్సు షాపోళ్లు నోటీసనుకున్నరు. తప్పైంది. కానీ మేడం, గీ పరీక్ష ఆగితే నాకు మళ్ల వయసు లేదు."

ఆవిడ ఆర్డరు మీద నుంచి తలెత్తింది. ఆ కళ్లలో కోపం ఉండవలసిన చోట ఇంకేదో ఉంది. "ఒక్క కామా కూడా మార్చలేకపోయారన్నమాట హెడ్డాఫీసువాళ్లు" అంది మెల్లగా. తర్వాత ఆర్డరు వెనక తన చేతిరాతతో, రెండు గంటలకు సీలు తెరవడమైనదని, తెరిచిన సీలు మూయడానికి రూలు లేదని, హాజరైన అభ్యర్థి రాస్తున్నాడని రాసి వచ్చినవాడి చేతిలో పెట్టింది. "కూర్చో. అయిదో ప్రశ్న ప్యాసివ్ వాయిసే. పరువు తీశావంటే చంపుతాను."

తీయలేదు. ఇంగ్లీషులో ఎనభై ఏడొచ్చాయి. మిగతా యాభై తొమ్మిది మందికీ మార్చి నెలాఖరులో మళ్లీ పరీక్ష పెట్టారు కాబట్టి ఎవరి కూడూ పోలేదు. ఎలీశమ్మ మాత్రం గడ్డిఅన్నారం మార్కెట్లో బండి బండికీ ఆగి "మా ఇంటాయన రాసిన ముక్కలనే సర్కారు ఆర్డరు చేసుకున్నది" అని చెప్పింది. అబద్ధం ఒక్క అక్షరం లేదు.

ఏప్రిల్‌లో స్తెఫను జూనియర్ అసిస్టెంటుగా కుర్చీలో కూర్చున్నాడు. అదే వారం, మొదటి నోటీసు ఎవరు రాశారో తేల్చమని విచారణ వేశారు. విచారణాధికారి ఇద్దరు గెజిటెడ్ ఆఫీసర్లను అనుమానించి, ఇంగ్లీషు బాగా వచ్చినవాడని రిపోర్టు రాసే పని స్తెఫనుకే అప్పగించాడు. స్తెఫను ఆరు పేజీలు రాశాడు, చివర్లో ఆ నోటీసు రాసింది తానేనని పేరుతో సహా ఒప్పుకున్నాడు. ఆఫీసరుగారు మొత్తం రిపోర్టును మెచ్చుకుని, ఆ ఒక్క వాక్యం మాత్రం నమ్మశక్యంగా లేదని కొట్టేశారు.