అమరప్ప గుండె, సింధనూరు బస్సు

ఆ రోజు ప్రాణేశ్ పెట్టుకున్న పని ఒక్కటే. మధ్యాహ్నం బస్సెక్కి సింధనూరు వెళ్లి, అలిగి పుట్టింట్లో కూర్చున్న భార్య నేత్రను తీసుకురావాలి. "ఇయ్యాల రాకుంటే ఇంగ రానే రావద్దు" అని ఆమె కబురు పెట్టింది. రాయచూరులో ఒక చిన్న ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే ప్రాణేశ్‌కు ఇలాంటి గడువులు కొత్త కాదు, అందుకోవడమే ఎప్పుడూ కుదరలేదు.

పవర్ ప్లాంటులో కొలువు దొరికినవాళ్లు వైద్య పరీక్షకు అక్కడికే వస్తారు. ఆ ఉదయం చివరగా వచ్చినవాడు యాపలదిన్ని ఊరి అమరప్ప. అతని ఫిలిం చూసి డాక్టర్ గురురాజ్ మొహం చిట్లించాడు.

"గుండె కుడి పక్కకుంది. ఎడమ పక్కకు పెట్టే సీసం గుర్తు కుడి పక్క పెట్టినవేమో, మళ్ల తీయి."

మళ్లీ తీశాడు. గుండె కదలలేదు. మూడోసారి తీయబోతే కరెంటు పోయింది. పక్కనే శక్తినగర్‌లో రాష్ట్రానికంతా కరెంటు పుడుతుంటే, ఊళ్లో మాత్రం దీపం కింద చీకటి.

కరెంటు వచ్చేసరికి బస్సు టైము దగ్గరపడింది, ప్రాణేశ్ ఓపిక అయిపోయింది. ఈసారి ఎడమ గుర్తును కావాలనే కుడివైపు పెట్టాడు. ఆ గుర్తును బట్టి పట్టుకుంటే ఫిలింలో గుండె బుద్ధిగా ఎడమకు వచ్చింది.

"చూసినవా, మనసు పెడితే అన్నీ అయితయి" అని డాక్టర్ మెచ్చుకొని, చివరి తంతుగా అమరప్ప ఎడమ రొమ్ము మీద స్టెతస్కోపు ఆనించాడు. చప్పుడు లేదు. అటూ ఇటూ జరిపాడు. లేదు. "నాడి ఆడ్తుంది, గుండె ఆడ్తలేదు" అంటూ మనిషిని మంచం మీద పడుకోబెట్టి ఆక్సిజన్ తెమ్మన్నాడు. రాయిలా ఉన్న అమరప్పకు ఆ మాటతో నిజంగానే చెమటలు పట్టాయి.

"సార్, కొలువు పోతదా, నేనే పోతనా?"

సంచి భుజాన వేసుకొని గడప దాటుతున్న ప్రాణేశ్‌కు కాలు సాగలేదు. ఆ మొహం చూస్తే జాలేసింది, తన పని తలుచుకుంటే సిగ్గేసింది. "సార్, గుర్తు నేనే తారుమారు చేసిన. కుడి పక్కన వినుండ్రి" అన్నాడు.

కుడి పక్కన గుండె పిండిగిర్నీలా ఆడుతోంది. తిట్లు పడతాయని ప్రాణేశ్ తల వంచుకుంటే, డాక్టర్ పెళ్లికొడుకులా వెలిగిపోయాడు. "పుట్టుకతోనే లోపలివన్నీ అద్దంల లెక్క తిరగబడినయి. చదువుకున్న గాని కంటితోని చూడలే. నీకేం భయం లేదప్పా, కొలువు యాడికీ పోదు. ప్రాణేశ్, కడుపు ఫిలిం గూడ తీయి."

వీధిలోని డాక్టర్లందరికీ కబురు వెళ్లింది. ఒక్కొక్కరే వచ్చి విన్నారు, విన్నవాళ్లు మళ్లీ విన్నారు. ఈలోగా సింధనూరు బస్సు వెళ్లిపోయింది.

సాయంత్రం ప్రాణేశ్ ఎస్టీడీ బూత్ నుంచి జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. నేత్ర సావకాశంగా విన్నది.

"పోయినసారి మిషన్ కాలిందంటివి. ఈసారి మనిషి గుండెనే జరిపితివా?" అని ఫోన్ పెట్టేసింది.

ఇంత నిజం చెప్పి ఇంత అబద్ధాలకోరు అయినవాడు మరొకడు ఉండడనుకుంటూ అతడు తిండి మానేసి పడుకున్నాడు.

మర్నాడు వెళ్లేసరికి ఆసుపత్రి మెట్ల మీద నేత్ర కూర్చుని ఉంది. పక్కన ట్రంకుపెట్టె.

"సంబరపడకు. ముందుగాల ఆ మనిషిని చూపియ్యి. లేకుంటే తిరుగు బస్సుకే పోత."

అప్పుడే సర్టిఫికెట్ కోసం వచ్చిన అమరప్ప ఆమె వైపు చూశాడు. ఏమీ అడగకుండా అంగీ గుండీలు విప్పడం మొదలుపెట్టాడు.