బొర్రయ్యగారి ప్రైవేటు సొరంగం

ఒక పెద్ద అడవిలో తేనె వ్యాపారం చేసుకునే ఎలుగుబంటి ఒకడుండేవాడు. పేరు బొర్రయ్య. వాగుకి ఇవతల ఒక ఆఫీసు, అవతల ఒక ఆఫీసు. అవతలిదాన్ని అతని బావమరిది గంటయ్య చూసుకునేవాడు. రెండు ఆఫీసులూ అచ్చంగా ఒకేలా ఉండాలని బొర్రయ్య పట్టు. ఇక్కడ పెద్దాయన కూర్చునేది ఒకటో గది, అక్కడా ఒకటో గదే. "చూడముచ్చటగా లేదూ?" అని వచ్చినవాళ్లందరి చేతా మెచ్చుకోలు రాబట్టుకునేవాడు.

ఒక్కటే బాధ. ఏ చెట్టుకి తేనె పట్టిందో గంటయ్యకి చెప్పాలంటే వాగొడ్డున నిలబడి కేకెయ్యాలి. ఆ కేక కోతులు వినేవి. గంటయ్య వెళ్లేసరికి చెట్టు మీద ఈగలు తప్ప ఏమీ మిగిలేది కాదు.

ఇంతలో ఏనుగుల పెళ్లికి తేనె పంపమని ఆర్డరొచ్చింది. ఇదీ కోతుల పాలైతే ఇక దుకాణం కట్టెయ్యాల్సిందే. బొర్రయ్య వెంటనే ఇంజినీరు పందికొక్కుని పిలిపించాడు.

"వాగు కింద నుంచి సొరంగం తవ్వేద్దాం సార్. బయటివాళ్ల చెవిన ఒక్క ముక్క పడదు. మనుషుల ఆఫీసుల్లో దీన్నే వీపీఎన్ అంటారు," అని మీసం దువ్వాడు పందికొక్కు.

"అదే, అదే! నేనూ అదే అనుకుంటున్నా," అన్నాడు బొర్రయ్య, ఏమీ అర్థం కాకపోయినా.

సొరంగం తయారైంది. కబుర్లు చేరవెయ్యడానికి ముంగిసని పెట్టారు. దానికి రూలంటే రూలే.

"ఒకటో గదికి చెప్పు. మద్దిచెట్టు తేనె వెంటనే తియ్యాలి!" అన్నాడు బొర్రయ్య.

ముంగిస సొరంగంలో దూరింది, కాసేపటికి వచ్చి అతని ముందే నిలబడింది. "ఒకటో గదికి కబురండీ. మద్దిచెట్టు తేనె వెంటనే తియ్యాలట."

బొర్రయ్యకి ఒళ్లు మండింది. "వీడి పొగరు చూడు! నాకే పని చెప్తాడా? మొద్దు వెధవా, అది నీ పని, అని చెప్పు ఒకటో గదికి!"

ముంగిస వెళ్లింది, వచ్చింది. "మొద్దు వెధవా, అది నీ పని, అన్నారండీ."

"ఆఁ! వాడి అక్కని చేసుకున్నందుకు ఇదా మర్యాద? నీ మొహానికి తేనె వ్యాపారం ఒకటా, అని చెప్పు!"

అదీ తిరిగొచ్చింది. ఎన్నాళ్లుగానో తనకున్న భయం అదే కాబట్టి, బొర్రయ్య పాపం కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

ఇక ఉండబట్టలేక వాగొడ్డుకి పరిగెత్తి, బండెక్కి, గొంతు చించుకుని అరిచాడు. "ఒరేయ్ గంటయ్యా! పెళ్లికి మద్దిచెట్టు తేనె తియ్యరా అంటే నన్ను మొద్దు వెధవ అంటావా?"

"నేనెప్పుడన్నాను బావా?" అని అవతలి నుంచి లబోదిబోమన్నాడు గంటయ్య. "పొద్దుట్నుంచీ కబురు కోసం సొరంగంలో తల పెట్టుకుని కూర్చుంటేనూ!"

బొర్రయ్య ముంగిస వైపు తిరిగాడు.

"మీరు ఒకటో గది అన్నారు. సొరంగంలో దిగి చూసుకుంటే ఇక్కడే ఒకటో గది ఉందాయె. దగ్గరున్నది వదిలేసి అంత దూరం పొమ్మని ఏ రూల్లో ఉందండీ?" అంది ముంగిస.

"సొరంగంలో మాత్రం లోపం లేదు సార్," అన్నాడు పందికొక్కు. "ఒక్క మాటైనా బయటికి పొక్కిందా?"

అప్పటికే మద్దిచెట్టు మీద కోతుల గోల మొదలైంది. పెళ్లిలో తేనె వడ్డించింది కోతులే. బొర్రయ్య కూడా ఒక ఆకు ముందు కూర్చున్నాడు. "ఇంకొంచెం వెయ్యమంటారా?" అని కోతి అడిగితే, ఏం చేస్తాడు, వేయించుకున్నాడు.

నీతి: సొరంగం బాగా కుదిరితే రహస్యం ఎంత భద్రంగా ఉంటుందంటే, మనవాళ్లకి కూడా చేరదు.