రాజ్యలక్ష్మికి మూడు సెంట్లు

మనిషి మాట అబద్ధమాడుతుంది. ఇల్లు అబద్ధమాడుతుంది. ఒంటిమీది చొక్కా కూడా అబద్ధమాడుతుంది. నిజం చెప్పేది పేరొక్కటే. ఎందుకంటే పేరు పెట్టే నాటికి మనిషికి అబద్ధమాడే వయసుండదు.

ఈ మహాసత్యాన్ని 1986 ఏప్రిల్లో కనిపెట్టింది నూజివీడులో కొత్తగా తెరిచిన నామార్థ నిర్ధారణ కార్యాలయం. అంతకుముందు ఊళ్లో పేదవాళ్లెవరో కరణంగారు చెప్పేవారు. కరణాలు పోయారు. తాలూకాలు పోయి మండలాలొచ్చాయి. దాంతో పేదవాళ్లని గుర్తుపట్టే మనిషి లేకుండా పోయాడు (పేదవాళ్లు మాత్రం ఎక్కడివాళ్లక్కడే ఉన్నారు). అప్పుడు ప్రత్యేకాధికారి భావనారాయణ గారు మూడు రాత్రులు ఆలోచించి తేల్చిందేమిటంటే, పేరుకి అర్థం చూస్తే చాలు, మనిషి ఆస్తి తెలిసిపోతుంది.

ఊరి బయట మెట్ట మీద పేద మహిళలకి నలభై ఇళ్ల స్థలాలు ఇవ్వాలి. ఒక్కొక్కటి మూడు సెంట్లు. దరఖాస్తులో ఏడో గడి: పేరు, భాష, అర్థం. అర్థంలో పేదరికముంటే స్థలం. సంపదుంటే ఎర్రసిరాతో 'స్వయంసమృద్ధం' అని ముద్ర. ఆడవాళ్ల పేర్లే చూస్తారు. (మగవాళ్ల పేర్లకి అర్థం ఉండాలన్న నియమం ఇంకా రాలేదు.)

ఆఫీసు ఒక పాత మామిడికాయల గోడౌను మేడ మీద. కింద గడ్డిలో కాయ మగ్గుతుంది, పైన బీరువాలో ఫైలు మగ్గుతుంది. ఆ మెట్లు మొదటిరోజే ఎక్కినవాళ్లలో రాజ్యలక్ష్మి ఒకతి.

ఆమె వెళ్లాల్సిన అవసరం అలాంటిది. పంతొమ్మిదేళ్లుగా ఆమె, మొగుడు మల్లయ్య, బసవపున్నారావుగారి తోటలో కాపలా పాకలో ఉంటున్నారు. పొద్దున అమ్మగారింట్లో అంట్లు, పగలు తోటలో చిక్కం పట్టి కాయ దింపడం. ఈ ఏడు తోట కౌలు మారింది. కొత్త కౌలుదారు తన మనుషుల్ని తెచ్చుకుంటాడట. కాయ దింపడం అయ్యేలోపు పాక ఖాళీ చెయ్యాలి. తర్వాత ఎక్కడికి పోవాలో ఎవరూ చెప్పలేదు. చెట్టు మీద ఇంకా నెలరోజుల కాయ ఉంది.

"పేరు?" అన్నాడు గుమాస్తా ఉమాపతి.

"రాజ్యలక్ష్మండి."

ఉమాపతి నిఘంటువు తెరవలేదు. అంత తేలిక పేరు. "సంస్కృతం. రాజ్యం యొక్క సంపద," అని రాసుకుని, కళ్లజోడు పైనుంచి చూశాడు. "ఏమ్మా, ఇంత రాజ్యం పెట్టుకుని మూడు సెంట్లకొచ్చావా?"

"ఆ రాజ్యం ఎక్కడుందో చెప్పండి బాబూ. పాక అక్కడే వేసుకుంటాం."

"ఎక్కడుందో రెవెన్యూ వాళ్లు చెప్పాలి. మాది అర్థం వరకే." ముద్ర పడింది.

ఆమె కదల్లేదు. మిగతావాళ్ల సంగతేమవుతుందో చూద్దామని గోడవార నిలబడింది. నూర్జహాన్ వచ్చింది. "అరబ్బీ, పారసీ కలిసిన పేరు. లోకానికి వెలుగు," అన్నాడు ఉమాపతి. "నీ కరెంటు బిల్లేదీ?" సువర్ణరేఖ వచ్చింది. అది మామిడి రకం కనుక ఆమె ఫైలు తోటల శాఖకి వెళ్లింది (అక్కడ ఆమెని అంటు కట్టిన తేదీ అడిగారు). పిచ్చమ్మకి అర్థం సరిపోయింది గానీ డాక్టరు సర్టిఫికెట్ లేదు.

తర్వాత పెంటమ్మ. పేరు వినగానే ఉమాపతి లేచి నిలబడ్డాడు. కుర్చీ వేయించాడు.

"ఎందుకు పెట్టారమ్మా ఈ పేరు?"

"నాకు ముందు ఇద్దరు పురిట్లోనే పోయారంటండి. నేను పుట్టగానే మా అమ్మ నన్ను పెంటకుప్ప మీద పడుకోబెట్టి, పక్కింటావిడ చేత దోసెడు తవుడుకి కొనిపించిందంట. దిష్టి తగలకుండా బతకాలని."

"తవుడికి రసీదుందా?"

"తవుడికి రసీదేంటండీ?"

"లేకపోయినా ఫర్వాలేదులే, అర్థం గట్టిగా ఉంది," అని మంజూరు చేశాడు.

ఆ కబురు సాయంత్రానికల్లా ఊరంతా పాకింది. మర్నాటి నుంచి తొమ్మిదో నంబరు ఫారానికి లైను. అది పేరు మార్పిడి ఫారం. కార్యాలయం ఆమోదించిన 'తెలుగు పేద పేర్ల జాబితా'లోంచి ఏదైనా పెట్టుకోవచ్చు, కాకపోతే ఒక పేరు ఒక్కరికే. రాజ్యలక్ష్మి రెండురోజులు కాయకోతలో ఇరుక్కుపోయి, మూడోరోజు మధ్యాహ్నానికి చేరింది.

"పుల్లమ్మ ఉందాండీ?"

"అయిపోయింది."

"తిరిపెమ్మ?"

"నిన్న పదకొండింటికే."

"పోనీ ఏముందండీ?"

ఉమాపతి జాబితా మీద వేలు కిందిదాకా జరిపాడు. "భాగ్యమ్మ ఉంది. ఎంతమందికి కావాలంటే అంతమందికి."

ఎవరు పట్టుకుపోయారో బోర్డు మీద అంటించారు. పుల్లమ్మ గారు రైసుమిల్లు యజమాని భార్య. తిరిపెమ్మ గారికి రెండంతస్తుల డాబా. రాజ్యలక్ష్మికి చదువు రాదు. మెట్ల మీద ఎవరో చదివి వినిపిస్తే విని, కిందికి దిగి, గోడౌను దగ్గర ఆగి ఒక పచ్చికాయ కొరికింది. పులుపుకి కళ్లలో నీళ్లు తిరిగాయని అక్కడివాళ్లతో చెప్పింది.

బసవపున్నారావుగారి భార్య హైమవతమ్మ మాత్రం ఆలస్యం చేసింది. మొదట సొంత పేరుతోనే వెళ్లింది. "హైమవతి, హిమవంతుడి కూతురు," అని ఉమాపతి చేతులు జోడించాడు. "తండ్రిగారి పేర ఏకంగా హిమాలయాలున్నాయి కదండీ, ఎలా ఇవ్వమంటారు?" పోనీ తెలుగు పేద పేరు పెట్టుకుందామంటే ఆవిడ ఒప్పుకోలేదు. "చచ్చినా ఆ పేర్లు పెట్టుకోను. రేపు పేరంటంలో పిలిస్తే నా పరువేం కాను?"

ఇక్కడే రంగంలోకి దిగాడు టైపు ఇన్‌స్టిట్యూట్ రత్నబాబు. బెజవాడ ఫుట్‌పాత్ మీద అతనికో పాత పుస్తకం దొరికింది. దేశదేశాల ఆడపిల్లల పేర్లు, అర్థాలతో సహా. ఒక పేరు ఒక్కరికే అన్న నియమం తెలుగు జాబితాకే గాని పరాయి భాషలకి లేదని అతను కనిపెట్టాడు. భావనారాయణ గారు పుస్తకం తిరగేసి, దాన్ని అధికార గ్రంథంగా ప్రకటించారు.

వారం తిరక్కుండా నూజివీడులో ముగ్గురు క్లాడియాలు తేలారు. లాటిన్‌లో కుంటిది అని అర్థం. మెట్ట ఎక్కలేరని ముగ్గురికీ రోడ్డు పక్క స్థలాలిచ్చారు. సిసిలియా అంటే గుడ్డిది. ఆవిడ తన స్థలం తనే చూసి ఎంచుకుంది. పౌలా అంటే చిన్నది. పిల్లల కోటాలో వచ్చింది, వయసు యాభై ఒకటి. సర్వేయరు భార్య బార్బరా అని పెట్టుకుని దెబ్బతింది. గ్రీకులో పరదేశి అని అర్థం. ఆవిణ్ణి పోలీస్ స్టేషన్లో పాస్‌పోర్టు చూపించమన్నారు.

హైమవతమ్మకి రత్నబాబు అసలు సిసలు పేరు దాచి ఉంచాడు.

"డొలోరెస్ అండీ. ఎంత స్టయిలుగా ఉందో చూడండి. అర్థం మాత్రం ఏడుపే."

ఆరోజు ఆవిడ కారులో వచ్చింది. వెనక మెట్ల మీద, వరిగడ్డి పరిచిన గంపలో చిన్నరసాలు నెత్తిన పెట్టుకుని రాజ్యలక్ష్మి వచ్చింది. గంప ప్రత్యేకాధికారి గారికి. ఉమాపతికి విడిగా ఆరు కాయలు.

ఉమాపతి అధికార గ్రంథం తెరిచాడు. "డొలోరెస్. స్పానిష్. దుఃఖాలు..." ఆగాడు. ఇంకోసారి చదివాడు. "అమ్మగారూ, ఇది బహువచనమండీ."

"అయితే ఏంటట?"

"ఏకవచనానికి ఒక స్థలమైతే బహువచనానికి రెండు ఇవ్వాలి కదండీ. పక్కపక్కనే రాస్తున్నాను."

నలభై స్థలాల్లో ఆఖరి రెండూ అలా వెళ్లిపోవడం రాజ్యలక్ష్మి గంప దించుతూ విన్నది.

ఒక్క చిక్కొచ్చింది. దుఃఖంలో ఉన్న మనిషి చెయ్యి వణుకుతుంది, వణికే చెయ్యి సంతకం చెయ్యలేదు, కనుక దుఃఖార్థం గల పేర్లవాళ్లు వేలిముద్రే వెయ్యాలని నియమం. హైమవతమ్మ స్టాంపు ప్యాడు వంక చూసింది, తన చేతి వంక చూసింది.

"ఈ నల్లసిరా పోతుందా?"

"వారం పట్టుద్దండి."

"రేపు ఏలూరులో పెళ్లికెళ్లాలయ్యా నేను! ఏమే రాజ్యం, ఇలా రా. నీ వేలు ఇటియ్యి."

"నాదెందుకండీ అమ్మగారూ?"

"నీకు పెళ్లిళ్లున్నాయా, పేరంటాలున్నాయా? అంట్లు తోమితే అదే పోద్ది. వెయ్యి."

ఉమాపతి అభ్యంతరం చెప్పలేదు. ముద్ర స్పష్టంగా ఉండాలని నియమంలో ఉంది గాని, ఎవరిదై ఉండాలో లేదు. పైగా అప్పటికే అతను ఒక రసం పిసికి నోట పెట్టుకున్నాడు. రాజ్యలక్ష్మి బొటనవేలు డొలోరెస్ పేరు పక్కన నల్లగా, గుండ్రంగా పడింది.

జూన్ మొదటివారంలో పట్టాలకి ముందు కొత్త ఉత్తర్వు వచ్చింది. స్థలం వచ్చినవాళ్లు పదిహేను రోజుల్లో అక్కడ పాక వేసుకుని కాపురముండాలి. తనిఖీ రోజు లేకపోతే స్థలం రద్దు. మెట్ట మీద అన్ని పాకలు లేచాయిగాని, పెంటమ్మలాంటి నలుగురైదుగురు తప్ప సొంత స్థలంలో సొంతంగా ఉన్నవాళ్లు లేరు. ఒక క్లాడియా గారి పాకలో వాళ్ల పాలేరు, సిసిలియా గారి పాకలో వాళ్ల గేదె.

"నీ అదృష్టం పండిందే," అంది హైమవతమ్మ. "ఎలాగూ తోటలో పాక తీసేస్తున్నారుగా. నా స్థలంలో వేసుకుని కాపలా ఉండు. ఆ ఆఫీసరొస్తే, అమ్మగారు ఇప్పుడే బజారుకెళ్లారని చెప్పు. పట్టా చేతికొచ్చాక ఖాళీ చేద్దువుగాని."

తాటాకు మోసింది మల్లయ్య. రాటలు పాతింది రాజ్యలక్ష్మి. పాత పాక విప్పి కొత్త పాక కట్టి, వాళ్లు మళ్లీ ఖాళీ చెయ్యాల్సిన ఇంట్లోకే వచ్చారు.

పదిహేనోరోజు జీపొచ్చింది. భావనారాయణ గారు గొడుగు కింద, చేతిలో భూతద్దం. వెనక రిజిస్టరు మోస్తూ ఉమాపతి.

"ముప్పైతొమ్మిది, నలభై. డొలోరెస్ ఎవరు?"

"బజారుకెళ్..." అని మల్లయ్య మొదలెట్టాడు. రాజ్యలక్ష్మి వాడి కాలు తొక్కింది.

"నేనేనండి."

ఉమాపతి తలెత్తాడు. ఆమెనెరుగు. స్వయంసమృద్ధం ముద్ర కొట్టింది తనే. నోరు తెరిచాడు. తెరిచాక గుర్తొచ్చింది, ఈమె డొలోరెస్ కాదంటే ఆ వేలిముద్ర ఎవరిదని అడుగుతారు, ఎవరు వేయిస్తే చూస్తూ కూర్చున్నావని అడుగుతారు, ఆ సమయానికి నోట్లో ఏముందని కూడా అడగొచ్చు. తెరిచిన నోటితో ఆవులించి మూసుకున్నాడు.

"పేరుకి అర్థం తెలుసా?" అన్నారు అధికారి.

"దుఃఖాలండి. స్పానిష్."

"ఏం దుఃఖాలు?"

"ఏవని చెప్పమంటారండీ? బహువచనం కదా."

భావనారాయణ గారు రెండు నెలల ఈ సర్వీసులో ఇంత వ్యాకరణబద్ధమైన పేదరాలిని చూడలేదు. వేలు పట్టి, ముద్ర వేయించి, రిజిస్టరు పక్కన పెట్టి భూతద్దంతో చూశారు. గీతకి గీత, సుడికి సుడి. రాజ్యలక్ష్మికి బొటనవేలిలో గుండె కొట్టుకుంటోంది.

"సరిపోయింది," అన్నారాయన. పట్టా ఆమె చేతిలో పెట్టారు. ఆరు సెంట్లకి.

జీపు కదిలాక మల్లయ్య అడిగాడు. "ఇప్పుడు నిన్నేమని పిలవాలే?"

"నువ్వెప్పుడు పేరు పెట్టి పిలిచావని?" అంది ఆమె. పట్టాని చుట్టచుట్టి పాక వాసంలో దోపింది.

మర్నాడు పదింటికి హైమవతమ్మ మెట్లు రెండేసి చొప్పున ఎక్కి కౌంటరు మీద గుద్దింది.

"డొలోరెస్‌ని నేనయ్యా!"

"తప్పకుండానండీ. వేలిటివ్వండి," అన్నాడు ఉమాపతి. పోల్చి చూశాడు. "కలవలేదండి."

"ఎలా కలుస్తుందయ్యా? అది మా పనిదాని వేలు! నీ ముందే కదా వేయించాను!"

"అలాగని రాసి సంతకం పెట్టండమ్మగారూ. ఇతరుల వేలుతో ప్రభుత్వ స్థలానికి దరఖాస్తు చేశానని. నేనే స్వయంగా పైకి పంపిస్తాను." అతను చాలా మర్యాదగా ఒక తెల్లకాగితం ముందుకి తోశాడు.

హైమవతమ్మ ఆ కాగితం వైపు చూసింది. రాస్తే జైలు, రాయకపోతే ఆరు సెంట్లూ పోయినట్టే. ఊళ్లో ఈ కథ ఈపాటికి ఎంతమందికి తెలిసిపోయిందో తల్చుకుంది. ఆవిడ పెదవి వణికింది. చెయ్యి వణికింది. పెళ్లయిన ఇరవైరెండేళ్లలో మొదటిసారి, లైనులో నిలబడ్డ అందరి ఎదుటా, ఆవిడ నిజంగా వెక్కివెక్కి ఏడ్చింది.

ఉమాపతి ఆ ఏడుపుని శ్రద్ధగా చూసి, దరఖాస్తు తీసి తేదీ సరిచూసుకుని, తల అడ్డంగా ఊపాడు.

"దరఖాస్తు పెట్టిన నాటికి ఉన్న దుఃఖాలే చెల్లుతాయండీ. ఇది తర్వాత వచ్చింది."