స్టీలు మీద పేరు

ఇసుక సంస్థలో డిప్యూటీ డైరెక్టర్‌గా ప్రమోషన్ వచ్చిన ప్రతి ఉద్యోగీ శనివారం పొద్దున చైర్మన్ గారి గోల్ఫ్ సంచీలో వెడ్జిగా మారాలి. దాని మీద ఇంతవరకు ఎవరూ కోర్టుకు వెళ్లలేదు, కనీసం నొసలు చిట్లించలేదు, గొడవల్లా కర్ర స్టీలుదా గ్రాఫైట్‌దా అన్న దగ్గరే వస్తోంది.

వెడ్జి అంటే ఏమిటో తెలియనివాళ్ల కోసం హెడ్డాఫీసు గోడ మీద బొమ్మ పెట్టారు. పొట్టి కర్ర, దాని చివర గరిటెలా వాలిన ఇనుప పలక. బంతి ఇసుకలో కూరుకుపోతే దాన్ని ఎత్తి మళ్లీ గడ్డి మీద వేసే పనిముట్టు. మనిషి వెడ్జిగా మారేటప్పుడు పాదాలు రెండూ కలిసి పలక అవుతాయి, వెన్నెముక కర్ర అవుతుంది, తల పిడి అవుతుంది. ఉద్యోగుల జుట్టు ఎప్పటినుంచో చైర్మన్ గారి చేతిలోనే ఉంది కాబట్టి ఇందులో కొత్తగా అలవాటు చేసుకోవాల్సింది ఏమీ లేదని బొమ్మ కింద రాసి ఉంది. తలా పాదాలూ అందరికీ ఒకటే రకం. వెన్నెముక మాత్రం ఎవరిది వాళ్లు ఎంచుకోవచ్చు. ఉద్యోగి స్వేచ్ఛకు సంస్థ ఇచ్చే గౌరవం అది.

తూములూరి ఫణీంద్ర ఈ సంగతులన్నీ విజయవాడ వచ్చాకే తెలుసుకున్నాడు. అప్పటిదాకా అతను కృష్ణ ఒడ్డున ఒక ఇసుక రేవులో, రేకుల షెడ్డు కింద, లారీలు లెక్కపెడుతూ నల్లబడ్డాడు. ప్రమోషన్ ఉత్తర్వు చూసి షెడ్డులోనే చిందులేశాడు. ఏసీ గది, గుండ్రంగా తిరిగే కుర్చీ, బెల్లు కొడితే టీ! శనివారం సంగతి ఉత్తర్వు చివరన చిన్న అక్షరాల్లో ఉంది, అది కూడా అతనికి గౌరవంగానే అనిపించింది. చైర్మన్ శరభేశ్వరరావు గారి చేతిలో పడటమంటే మాటలా మరి!

ఆయన ఆడే మైదానం సంస్థదే, నది ఒడ్డునే ఉంది. గడ్డి కంటే ఇసుక గుంటలు ఎక్కువ. నదిలో ఉండాల్సిన ఇసుకంతా అక్కడే ఉందని గిట్టనివాళ్లు అంటారు. గిట్టేవాళ్లు కూడా అంటారు, కాకపోతే మెల్లగా. చైర్మన్ గారి బంతి ఏ వైపు కొట్టినా వెళ్లి ఇసుకలోనే పడుతుంది కాబట్టి ఆయనకు డిప్యూటీ డైరెక్టర్లు ఎంతమంది ఉన్నా చాలరు.

ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ సూపరింటెండెంటు తులశమ్మ గారు వక్కపొడి నములుతూ అతన్ని కూర్చోమంది.

"ఏం బాబూ, స్టీలా గ్రాఫైటా? శుక్రవారం సాయంత్రంలోగా తేల్చండి. తేల్చకపోతే గ్రాఫైట్ వేసేస్తాం."

"తేడా ఏంటి మేడమ్?"

"స్టీలు బరువు. దెబ్బ అడ్డదిడ్డంగా తగిలిందనుకోండి, ఆ అదురు తిన్నగా పైకి పోయి సారు అరచేతుల్లో ఝుమ్మంటది. తప్పు కొట్టానని ఆయనకి తెలిసిపోద్ది. గ్రాఫైట్ తేలిక. అదురంతా అదే మింగేస్తది. సారుకీ తెలీదు, మీకూ తెలీదు. హాయి."

"అయితే గ్రాఫైటే మంచిదంటారా?"

"నేనెట్టా చెప్తానండీ? మీ వెన్ను మీ ఇష్టం."

ఇక అక్కడి నుంచి సలహాలే సలహాలు. ఫణీంద్ర కొత్త ఫోను కొంటున్నట్టు, అపార్టుమెంటులో ఏ అంతస్తు బాగుంటుందో అడిగినట్టు ఆఫీసు మొత్తం అతని మీద పడింది. గ్రాఫైట్ అంటే పెన్సిల్లో ఉండేదే కదా, ఎవడైనా చెరిపేస్తాడు అని ఒకడు. స్టీలు వెన్నుతో స్కూటర్ మీద గుంటల్లో వెళ్తే పళ్లు రాలతాయని ఇంకొకడు. గ్రాఫైట్ వాళ్లంతా కింది అంతస్తులో కూర్చుంటారు. స్టీలు వాళ్లు కొద్దిమందే, పై అంతస్తులో చైర్మన్ గారి గది పక్కనే ఉంటారు. కిందికి దిగరు, ఎవరితోనూ మాట్లాడరు. అదృష్టవంతులంటే వాళ్లేనని అందరూ అంటారు కానీ వాళ్ల దారిలో వెళ్తామని ఎవరూ అనరు.

క్యాంటీన్లో దేవసహాయం గారు పక్కన కూర్చున్నాడు. గ్రాఫైట్‌లో సీనియర్. మాట్లాడుతుండగా గ్లాసు ఒరిగి వేడి వేడి టీ ఆయన చేతి మీద ఒలికింది. చర్మం ఎర్రబడింది. ఆయన మాట ఆపలేదు.

"సార్, చెయ్యి!" అన్నాడు ఫణీంద్ర కంగారుగా.

"ఏది? ఓహ్. అదే బ్రదర్ నేన్జెప్పేది, ఏం తెలీదు. పోయినేడు మా అమ్మ పోయింది. చాలా సౌకర్యంగా జరిగిపోయింది. తమ్ముళ్లంతా కుదేలైపోయారు, నేను షామియానా వాడితో బేరమాడా."

"ఇబ్బందేం లేదా అసలు?"

"ఒక్కటుంది, అది కూడా ఇబ్బంది అనలేం. ఆట అయిపోయాక జీపు డ్రైవరు మనల్ని ఇళ్లకు చేరుస్తాడు కదా, గుమ్మానికి ఆనించి పోతాడు. ఆదివారం తెల్లారేటప్పటికి మళ్లీ మనుషులమవుతాం. ఏ గుమ్మంలో లేస్తే ఆ ఇంటి మనిషే. గ్రాఫైట్లన్నీ నల్లగా ఒక్కలాగే ఉంటాయా, వాడికి ఏది ఎవరిదో ఏం తెలుస్తది? చేతికొచ్చినట్టు ఆనిస్తాడు."

ఫణీంద్ర ఆయన్ని కిందినుంచి పైదాకా చూశాడు. "అయితే మీరు..."

"దేవసహాయాన్నేనా అని మా ఆవిడ మొదట్లో అడిగేది. ఇప్పుడు అడగట్లా. నాకూ తేడా తెలీట్లా." ఆయన కాలిన చేత్తోనే సమోసా అందుకున్నాడు. "పిల్లలు నాన్నా అనే పిలుస్తున్నారు. ఇంకేం కావాలి?"

ఆ సాయంత్రం పటమటలో అద్దె ఇంటికి వచ్చి ఫణీంద్ర భార్య హైమకు అంతా చెప్పాడు. ఆమె పప్పుచారులో పోపు వేస్తోంది. మొగుడు శనివారాలు వెడ్జి కావడం గురించి పెద్దగా పట్టించుకోలేదు. వాళ్ల అక్క మొగుడు బ్యాంకులో మార్చి నెలంతా ఏమవుతాడో ఆమెకు తెలుసు. గుమ్మం సంగతి దగ్గర మాత్రం గరిటె ఆగిపోయింది.

"అంటే ఆదివారం పొద్దున ఇంకెవరో లేచొచ్చి మా ఆయన్నంటూ నా చేతి పప్పుచారు తింటాడా?"

"నాకు తెలీనే తెలీదంట హైమా. నొప్పి కూడా ఉండదంట."

"మీకు తెలీకపోతే సరిపోద్దా? నాకు మీరే కావాలి. మీలాంటివాళ్లు వద్దు." ఆమె వంటింటి అటక వైపు గరిటె చూపించింది. "అదుగో, ఆ గుండిగ చూడండి. పైవాళ్ల గృహప్రవేశానికి తీసుకెళ్లారు. వాళ్ల దగ్గర్నుంచి వాళ్ల మరదలు, ఆమె దగ్గర్నుంచి నూజివీడులో ఎవరో. ఎన్ని ఇళ్లు తిరిగినా నాదగ్గరికే వచ్చింది. ఎందుకొచ్చింది? స్టీలు గనక, మా అమ్మ దాని మీద పేరు కొట్టించింది గనక. మీరూ స్టీలే తీసుకోండి. పేరు కొట్టించుకోండి. డ్రైవరు చదువుకుని తిన్నగా ఇక్కడికే తెస్తాడు."

"స్టీలైతే దెబ్బలన్నీ తెలుస్తాయే."

"తెలియనీండి. నేను కొబ్బరినూనె రాస్తా."

కంచం అతని ముందు పెట్టింది. దాని అంచు మీద చుక్కలు చుక్కలుగా టి. ఫణీంద్ర అని ఉంది, పెళ్లయిన కొత్తలో వన్ టౌన్‌లో ఇద్దరూ నిలబడి కొట్టించింది. మిషను జుయ్‌మంటుంటే హైమ చెవులు మూసుకుని నవ్వింది. ఆ రాత్రి ఫణీంద్ర పేరు మీద వేలు పెట్టి తడుముతూ తిన్నాడు. ఇంత సులువైన ఉపాయం ఆఫీసులో ఒక్క బుర్రకీ తట్టలేదేమిటా అనుకున్నాడు.

శుక్రవారం తులశమ్మ గారి బల్ల ముందు ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు. "స్టీలు, మేడమ్. పేరు కొట్టిస్తారు కదా?"

"కొట్టించకుండా ఎట్టా? పేరు కొట్టని స్టీలు స్టోర్స్ గడప దాటదు. ఇదివరకు అరచేతులు మండినప్పుడల్లా సారు కోపంతో నీళ్లగుంటలోకి విసిరేసేవారు. ఎంతమంది డిప్యూటీలు సోమవారం తడిబట్టలతో వచ్చేవాళ్లో! పేరు కొట్టడం మొదలెట్టాక ఒక్కదాన్నీ విసరలా. ఒక్కటీ తప్పిపోలా."

"ఒక్కటీ?"

"ఒక్కటంటే ఒక్కటి. స్టీలు వాళ్లెవరూ ఇప్పటిదాకా ఒక్క కంప్లయింటు ఇవ్వలా."

శనివారం పొద్దున అతను స్టోర్స్ గదిలో నిలబడ్డాడు, చెప్పులు విడిచి పక్కన పెట్టాడు, కాసేపటికి వెడ్జి అయ్యాడు. చెప్పుకోదగ్గంత బాధ ఏమీ లేదు. తర్వాత పేరు కొట్టేవాడు వచ్చి అతన్ని బల్ల మీద పడుకోబెట్టి మిషను ఆన్ చేశాడు. సూది వెన్ను మీద దిగింది. స్టీలు కదా, ఒక్కొక్క చుక్కా తెలిసింది. నొప్పిని పంటి కింద అదిమిపెడదామంటే పళ్లు లేవు. పైగా ప్రతి చుక్కా ఇంటికి దారి అనుకుంటే నొప్పి కాస్త తీయగానే ఉంది.

మొదటి అక్షరం 'శ్రీ'. అబ్బో, మర్యాదే, అనుకున్నాడు. రెండోది తూములూరికి 'తూ' కావాలి. సూది 'కం' అని తిరిగింది. పొరపాటు పడుతున్నాడు, ఎవరైనా చెప్పండి అని అరవబోయాడు. నోరు పిడి లోపల ఉండిపోయింది. సూది ఆగకుండా వెన్ను పొడుగునా దిగుతూ వచ్చింది: శ్రీ కంచుమర్తి శరభేశ్వరరావు గారిది.

చైర్మన్ గారి బంతి ఎప్పటిలాగే ఇసుకలో పడింది. ఆయన ఫణీంద్రను బయటికి లాగి, తలను రెండు చేతులా గట్టిగా పట్టుకుని, బంతిని వదిలేసి వెనకున్న నేలను బలంగా బాదారు. అదురు పాదాల్లోంచి వెన్నులోకి, వెన్నులోంచి ఆయన అరచేతుల్లోకి ఝుమ్మని పాకింది. ఫణీంద్ర జీవితంలో పైవాళ్లకు అంత సూటిగా నిజం చెప్పడం అదే మొదటిసారి.

"అబ్బా! ఎవడ్రా ఇది?" అని చైర్మన్ గారు కర్రను ఎత్తి చేయి వెనక్కి ఊపారు. నీళ్లగుంట దగ్గర్లోనే ఉంది. అంతలో ఎండలో పేరు మెరిసింది. ఆయన కళ్లజోడు సవరించుకుని చదివారు.

"ఓ, మనదే," అన్నారు, ముఖం విప్పారింది. "నాకు ముందే అనుమానం వచ్చింది దెబ్బ పక్కకి పోయిందని. చూశావా, మనకే తట్టింది!" పక్కనున్న కాంట్రాక్టరు ఆ తెలివికి చప్పట్లు కొట్టాడు. బంతిని చేత్తో తీసి గడ్డి మీద పెట్టాడు.

సాయంత్రం జీపు డ్రైవరు సంచీ విప్పాడు. మంచి డ్రైవరు, చదువుకున్నవాడు. స్టీలు కర్రలు ఒక్కొక్కటీ ఎండకు తిప్పి, శ్రద్ధగా పేరు చదివి, అన్నిటినీ చైర్మన్ గారి గుమ్మానికి ఆనించాడు. నల్లటివన్నీ ఊళ్లోకి తీసుకెళ్లి ఖాళీగా కనిపించిన గుమ్మాలకు తలా ఒకటి పంచాడు.

ఆదివారం తెల్లారేసరికి ఫణీంద్ర లేచి నిలబడ్డాడు. అటూ ఇటూ పై అంతస్తు వాళ్లు అప్పటికే లేచి చొక్కాలు సర్దుకుంటున్నారు. ఒకతను కుక్కను తిప్పడానికి వెళ్లాడు, ఇంకొకతను కారు తలుపు తీసిపట్టుకున్నాడు. ఫణీంద్రకు కూరగాయల సంచీ ఇచ్చారు. "ఇక్కడ ఎంతకాలం?" అని అతను పక్కవాణ్ని అడిగాడు.

"నేను ఆయన మనిషిని," అన్నాడు పక్కవాడు. అది జవాబు అన్నట్టే చెప్పాడు.

సోమవారం ఫణీంద్ర తులశమ్మ గారి దగ్గరికి పరుగెత్తాడు. "మేడమ్, ఘోరం జరిగిపోయింది. నా మీద నా పేరు కాదు, సారు పేరు కొట్టారు!"

ఆవిడ వక్కపొడి నమలడం ఆపి అతన్ని జాలిగా చూసింది. "మీ ఇంట్లో గిన్నెలున్నాయా?"

"ఉన్నాయండీ."

"గిన్నె మీద గిన్నె పేరు కొట్టిస్తారటయ్యా ఎక్కడన్నా? గిన్నె ఎవరిదో వాళ్ల పేరు కొట్టిస్తారు గానీ!"

అటక మీది గుండిగ మీద హైమ అని ఉంది. గుండిగ అని లేదు.

సాయంత్రం చైర్మన్ గారింటి పని తెమిలాక పటమట వెళ్లాడు. తలుపు గొలుసు సందులోంచి హైమ చూసింది. ఆమె వెనక, బల్ల దగ్గర, ఎవరో కూర్చుని పప్పుచారన్నం తింటున్నాడు. వేళ్ల మీద పొగలు కక్కే చారు పడింది. అతను తుడుచుకోలేదు.

"హైమా, నేనే. అది నా కంచం. చూడు, దాని మీద పేరుంది."

"ఉందండీ, మా ఆయన పేరే," అందామె. గొంతులో కోపం లేదు, బయటివాళ్లతో మాట్లాడే మర్యాద ఉంది. "మీదేదీ, చూపించండి."

అతను వెనక్కి తిరిగి చొక్కా ఎత్తాడు. ఆమె మెల్లగా, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది. చివర్న 'గారిది' దగ్గర గొంతు కొంచెం తగ్గింది.

"అయ్యో, ఇల్లు తప్పొచ్చారండీ. వాళ్లిల్లు బెంజి సర్కిల్ అవతల." తలుపు వేయబోతూ అతని ముఖం వైపు ఇంకో క్షణం చూసింది. "మిమ్మల్ని ఎక్కడో చూసినట్టుంది. వీపుకి కొబ్బరినూనె రాయించుకోండి, బాగా కందింది." తలుపు పడింది.

గ్రాఫైట్ తీసుకుని ఉంటే ఇదేమీ తెలిసేది కాదు. స్టీలు కాబట్టి మొత్తం తెలిసింది, అరికాలి నుంచి మాడు దాకా, ఎక్కడా ఆగకుండా. అదురు పైకి పంపడానికి ఈ పూట పైన ఎవరి అరచేతులూ లేవు, అందుకని అది అతనిలోనే అటూ ఇటూ తిరిగింది.

బెంజి సర్కిల్ దగ్గర ట్రాఫిక్ కిక్కిరిసి ఉంది. కందిన వీపుకు తగలకుండా అతను చొక్కా గుండీలు విప్పి మోచేతుల దాకా జార్చుకున్నాడు. వెనకనుంచి కానిస్టేబుల్ "ఏయ్, పక్కకి జరుగు" అని లాఠీ ఎత్తాడు, పేరు చదివాడు, లాఠీ చంకలో పెట్టి కాళ్లు దగ్గరికి చేర్చి సెల్యూట్ కొట్టాడు. నాలుగు వైపులా బళ్లు ఆపేశాడు. సెల్యూట్ వీపుకే కొట్టాడు, ముఖం చూడలేదు. అయినా ఆ సెల్యూట్ కూడా స్టీలులోంచి ఒళ్లంతా ఝుమ్మని పాకింది.

బాగానే ఉంది. ఫణీంద్ర చొక్కా ఇంకొంచెం కిందికి జారనిచ్చి, ఖాళీ రోడ్డు మధ్యలో తీరిగ్గా నడుచుకుంటూ ఇంటికి వెళ్లాడు.