బలం దాణా

ఆ ఉదయం మాబున్ని అనుకున్న పని చాలా చిన్నది. పొద్దెక్కగానే కోడెదూడను పెన్న ఒడ్డున పచ్చికలో వదలాలి, సాయంత్రం తోలుకొచ్చి దాణా పెట్టాలి. జమ్మలమడుగుకు అవతలి పల్లె అది. మద్రాసు నుంచి విడిపోయిన రాష్ట్రం కొత్తది, పల్లెల బాగుకు పెట్టిన బ్లాకాఫీసు ఇంకా కొత్తది. ఆ ఆఫీసు వాళ్లే మేలుజాతి దూడను ఇచ్చిపోయారు. చలికాలం పోయేలోగా బాగా ఎదిగితే దూడ మాబున్ని వాళ్లదవుతుంది, లేకపోతే వెనక్కి తోలుకుపోతారు. కాడికి ఒక్క ఎద్దే మిగిలిన ఇంట్లో ఆ దూడంటే వచ్చే ఏడాది సేద్యం.

దూడ వెంట ఒక గోనెసంచీ వచ్చింది. అందులో జొన్నపిండి, ఉలవలు, బెల్లం. పశువుల ఆఫీసరు గౌస్ మొహిద్దీన్ గుంటూరు వైపు మనిషి. ఆ ఉదయమే వచ్చి, నులకమంచం మీద కూర్చుని ఓపిగ్గా చెప్పాడు.

"చలికాలపు గడ్డి చూడ్డానికే పచ్చగా ఉంటుంది చెల్లెమ్మా. అందులో నీళ్లే ఎక్కువ. ఎదిగే దూడకు అది చాలదు. రోజూ సాయంత్రం ఈ బలం దాణా పెట్టు."

చెప్పడం పూర్తయ్యేసరికి మధ్యాహ్నమైంది. అత్త గుల్జార్‌బీ కోడలిని వంటింట్లోకి పిలిచింది.

"కూటి యాళకు వచ్చినోడిని ఉత్త కడుపుతో పంపిస్తే ఇంట్లో సిరీ బర్కత్ ఉంటాదా?"

"పెట్టేదానికి ఏముందత్తా? మనమే గంజి తాగుతాండాం."

అత్త దాణా సంచీ వైపు చూసింది.

మాబున్ని జొన్నరొట్టెలు కాల్చి, వేడి మీదే బెల్లం వేసి మెదిపి మలీద ముద్దలు చేసింది. ఉలవలు ఉడికించి చారు కాచింది. మొదటి ముద్దకే గౌస్ మొహిద్దీన్ కళ్లు మూసుకున్నాడు.

"అచ్చం మా అమ్మ చేతి వంట" అన్నాడు.

మాబున్నికి సంతోషం వేసింది. ఆ సంతోషానికి తర్వాత చాలా ఏడ్చింది.

వారం తిరక్కుండానే అతను టేపుతో వచ్చి దూడ ఛాతీ కొలిచాడు. పెరగలేదు. "దీన్ని తరచుగా చూస్తుండాలి" అని, మలీద తిని వెళ్లాడు. తరచుగా వచ్చేకొద్దీ సంచీ తరిగింది. సంచీ తరిగేకొద్దీ దూడ చిక్కింది. దూడ చిక్కేకొద్దీ ఆఫీసరు జీపు ఇంకా తరచుగా వచ్చింది. జాతి దూడ ఎందుకు ఎదగడం లేదో తేల్చడానికి ప్రొద్దుటూరు నుంచి ఒక పెద్దాయన, పులివెందుల నుంచి ఇంకో పెద్దాయన వచ్చారు. తిన్నారు, ఏమీ తేలలేదు, మళ్లీ వస్తామన్నారు. ఇంటి వాళ్లు మాత్రం ఆ సంచీలోది చిటికెడు పిండి నోట్లో వేసుకోలేదు.

"మీరు తింటాండేది దూడ తిండని సారుకు చెప్పు" అంది మాబున్ని భర్తతో.

అల్లాబక్ష్ ఉలిక్కిపడ్డాడు. "తిన్నోని మొగం మీద ఆ మాట యాడన్నా అంటారా మే? ఆయన కడుపు సల్లగుంటే దూడ మనకే ఉంటాది."

మాబున్నికి ఒళ్లు మండింది. దూడ డొక్కలు లోపలికి పోయి కనిపిస్తున్నాయి. సంచీ దులిపి, అడుగున మిగిలినదంతా కలిపి దాని ముందు పెట్టింది. దూడ తొట్టిని నాకుతూ ఉండగానే వాకిట్లో జీపు ఆగింది.

ఆ పూట గౌస్ మొహిద్దీన్‌కు మంచినీళ్లే అందాయి. కాసేపు ఎదురుచూశాడు. పొయ్యి వైపు చూశాడు. పొగ లేదు.

"ఒంట్లో బాగాలేదా చెల్లెమ్మా?"

"బాగానే ఉండాది సారు. ఈ పొద్దు దూడకు పెట్టినా."

అతను లేచి టేపు తీశాడు. కొలిచి, ముఖం గంటు పెట్టుకున్నాడు.

"అల్లాబక్షూ, నాకు ముందునుంచీ అనుమానమే. ఈ ఇంట్లో దాణా దూడకు చేరడం లేదు."

మాబున్ని నోరు తెరిచింది. అల్లాబక్ష్ కళ్లతోనే బతిమాలాడు. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎంతైనా ఇంటికొచ్చిన మనిషి. మాబున్ని ఆ మాట మింగేసింది. ఆ సంచీ పుణ్యమా అని ఆమె మింగింది అదొక్కటే.

ఆఫీసరు వెంట వచ్చిన బంట్రోతు దూడను విప్పి తోలుకుపోయాడు. దాని మూతికి బెల్లం ఇంకా అంటుకునే ఉంది. గౌస్ మొహిద్దీన్ బెల్టు ఇంకో రంధ్రం వదులు చేసుకుని జీపెక్కాడు.

బలం దాణా బ్రహ్మాండంగా పనిచేస్తుందనడానికి ఉన్న ఒకే ఒక్క సాక్ష్యం అలా ముందు సీట్లో కూర్చుని వెళ్లిపోయింది.