ముప్పావు నిమిషం జోస్యం

ఆ ఆదివారం ఉదయం కళ్ళజోళ్ళ షాపతను వేసుకున్న పథకం చాలా చిన్నది. మామగారు వస్తారు, టీవీలో పూల్, అదే బిలియర్డ్స్ లాంటి బంతులాట, ఫైనల్ చూస్తారు, వెళ్ళిపోతారు. ఆ మూడు గంటలూ తను దేన్నీ ఒలికించకూడదు, దేన్నీ తన్నకూడదు, వీలైతే నోరు కూడా మెదపకూడదు. మామగారింట్లో టీవీ పాడైపోవడం వల్ల కలిసొచ్చిన అవకాశం ఇది. ఎందుకంటే ఆయన అల్లుడితో నేరుగా ఒక్క ముక్క మాట్లాడి మూడేళ్ళయింది.

కారణం ఒక టీ గ్లాసు. మామగారిది పూల్ బల్లలకు గుడ్డ బిగించే పని. నలభై ఏళ్ళలో ఒక్క ముడత రానివ్వని చెయ్యి. పెళ్ళయిన కొత్తలో అల్లుడు ఆయన షెడ్డుకు వెళ్ళి, అప్పుడే బిగించిన పచ్చగుడ్డ మీద కులాసాగా నిండు గ్లాసు పెట్టాడు. "కళ్ళజోళ్ళు అమ్మేవాడికి ఇంత బల్ల కనపడలేదా?" అని ఆయన గోడను అడిగారు. అప్పట్నుంచీ ఏం చెప్పాలన్నా కూతురి ద్వారానే. అల్లుడు పక్కనే కూర్చున్నా సరే, "అమ్మాయ్, మీ ఆయన్ని ఆ కిటికీ వేయమను" అంటారు. అమ్మాయి ఇంట్లో లేకపోతే ఆ కిటికీ అలా తెరిచే ఉంటుంది. తండ్రి లేకుండా పెరిగిన అల్లుడికి ఇది నవ్వులాట కాదు. పైకి అనేవాడు కాదుగానీ, నిజంగానే బాధపడేవాడు.

ఆట మొదలైంది. నీలం చొక్కాల జట్టు, ఎర్ర చొక్కాల జట్టు, చెరో అయిదుగురు. బంతుల్ని నంబర్ల వరసలో కొట్టుకుంటూ పోయి, తొమ్మిదో నంబరు బంతిని ఎవరు బల్ల అంచు పాకెట్లో వేస్తే ఆ ఆట వాళ్ళది. ముందుగా పదకొండు ఆటలు గెలిచిన జట్టుకి కప్పు. మామగారు నీలం జట్టు మనిషి. ఆ జట్టు వరసగా ఆరేళ్ళు ఫైనల్లో ఓడింది. చెవి మిషను సర్దుకుని, వాచీ తీసి ఒళ్ళో పెట్టుకుని ఆయన సోఫా అంచున కూర్చున్నారు.

అల్లుడు కాఫీ పెట్టే నెపంతో వంటింట్లోకి జారుకున్నాడు. అక్కడ పొగ పోయే గొట్టం పైవాటా వంటింటి మీదుగా వెళుతుంది. పైవాటాలో ఉండేది వకీలుగారు. కోర్టులో అలవాటైన గొంతు, ఇంట్లోనూ తగ్గదు. ఉన్నట్టుండి గొట్టంలోంచి ఆయన కేక వినపడింది. "తప్పింది! మూడో బంతి తప్పిందిరా బాబూ!"

అల్లుడు కాఫీ పట్టుకుని హాల్లోకి వచ్చేసరికి టీవీలో ఎర్ర చొక్కా ఆటగాడు మూడో బంతి కొట్టడానికి ఇంకా బల్ల చుట్టూ తిరుగుతున్నాడు. తిరిగి తిరిగి కొట్టాడు. తప్పింది.

విషయం అర్థం కావడానికి ఇంకో కాఫీ పట్టింది. వకీలుగారిది డిష్, ఆట జరిగిన వెంటనే చూపిస్తుంది. తమ టీవీ ఇంటర్నెట్ మీద నడుస్తుంది, ముప్పావు నిమిషం ఆలస్యం. ఇంకొకడైతే నవ్వుకుని ఊరుకునేవాడు. మూడేళ్ళ మౌనం భరించినవాడు ఊరుకోలేకపోయాడు. మూడోసారి వంటింట్లోంచి వచ్చి, కప్పు అందిస్తూ, "ఇది పడదండీ" అన్నాడు, ఎటో చూస్తూ.

పడలేదు.

మామగారు మెల్లగా తల తిప్పారు. "అమ్మాయ్, మీ ఆయనకి ఎలా తెలిసిందో అడుగు."

"భుజం బిగుసుకుంది కదండీ" అన్నాడు అల్లుడు, పుట్టినప్పట్నుంచీ భుజాలే చూస్తున్నట్టు.

తర్వాత రెండు సార్లు చెప్పాడు. రెండూ నిజమయ్యాయి. మామగారు ఫోను తీసి ఇద్దరు పాత స్నేహితుల్ని పిలిచారు. పావుగంటలో దిగారు వాళ్ళు. ఒకాయన క్లబ్బులో పాయింట్లు రాసే మార్కరు, రెండో ఆయన బంతుల్ని కొట్టే క్యూ కర్రలకు కొనలు అతికించే మేస్త్రీ. ఇక అల్లుడికి ఒకచోట కాలు నిలవలేదు. ప్రతి ముఖ్యమైన దెబ్బకీ ముందు వంటింటికి పరుగు. ఓసారి కాఫీ, ఓసారి మంచినీళ్ళు, ఓసారి "చెంచా మర్చిపోయాను". బయటికొచ్చి ఆరిందాలా ఓ మాట విసరడం, అది అక్షరాలా జరగడం.

"ఏమండీ, ఉన్న పాలన్నీ అయిపోయాయి. ఏమైంది మీకు?" అంది భార్య, గొట్టం కింద మెడ సాచి నిలబడ్డ మొగుణ్ణి చూసి.

"ష్... మీ నాన్నగారు నా గురించే మాట్లాడుతున్నారు."

నిజమే, మాట్లాడుతున్నారు. "కళ్ళ పని చేసేవాడు కదయ్యా, గీతలన్నీ చూపుతోనే కొలిచేస్తున్నాడు" అంటున్నాడు మార్కరు. అక్కడితో ఆగినా బాగుండేది. మార్కరే క్లబ్బు సెక్రటరీకి ఫోను చేసి, వచ్చే ఆదివారం పోటీకి మన క్లబ్బు జట్టుకి కోచ్ దొరికాడని చెప్పేశాడు. సెక్రటరీ అప్పుడే బోర్డు మీద పేరు కూడా రాయించాడట. క్యూ కర్ర ఏ వైపు పట్టుకోవాలో కూడా తెలియని అల్లుడు గబగబా హాల్లోకి వచ్చాడు. వద్దందామని నోరు తెరిచాడు. మామగారు తనకేసి చూస్తూ చిన్నగా నవ్వుతున్నారు. మూడేళ్ళలో మొదటిసారి. నోరు మూసేసుకున్నాడు.

స్కోరు పదికి పది అయింది. ఆఖరి ఆట. ముగ్గురు పెద్దవాళ్ళూ ఒక్కసారే అతనికేసి తిరిగారు. "చెప్పు నాయనా, ఎవరిది?" అన్నాడు మేస్త్రీ.

"ఒక్క నిమిషం... స్టవ్ ఆపానో లేదో..." అంటూ అల్లుడు పరిగెత్తాడు. గొట్టానికి చెవి ఆనించాడు. పైన చడీచప్పుడూ లేదు. జీవితంలో మొదటిసారి వకీలుగారి వాదన విందామని తపించాడు. అంతలో వీధి తలుపు దబదబా బాదారు.

వకీలుగారే. మెట్లు రెండేసి దూకుతూ వచ్చి రొప్పుతున్నారు. "మా డిష్ ఆగిపోయిందండీ! కాస్త మీ టీవీలో..." అంటూ లోపలికి వచ్చి, తెర చూసి, ఆగిపోయారు. "అదేమిటి, ఇక్కడింకా నాలుగో బంతేనా? నేను పైన అయిదోది కూడా పడ్డం చూసే వచ్చానే! మీ టీవీ వెనకపడిందండోయ్!"

తెర మీద అయిదో బంతి పడింది. మార్కరు అయిదో బంతినీ, వకీలునీ, వంటింటి గుమ్మంలో ఖాళీ కప్పుతో నిలబడ్డ అల్లుణ్ణీ వరసగా చూశాడు.

"తప్పయిపోయింది మామయ్యగారూ" అన్నాడు అల్లుడు. "నాకు ఆట రాదు. గొట్టంలోంచి విని చెప్పాను. మీరు... మీరొక్కసారి నాతో మాట్లాడతారని."

"మూడో కాఫీకే తెలుసు" అన్నారు మామగారు.

"ఎలా?"

"ఈ మిషనులో పక్కవాళ్ళ మాట వినపడదు గానీ, గొట్టంలో అరుపు మాత్రం ఖంగుమంటుంది."

"మరి వీళ్ళనెందుకు పిలిచారండీ? కోచ్ దాకా ఎందుకు పోనిచ్చారు?"

"టీ గ్లాసుకి" అన్నారాయన ప్రశాంతంగా. "అదీ ఇదీ చెల్లు. నాచేత ఓ మాట మాట్లాడించాలని ఇన్ని అగచాట్లు పడ్డావు, అది చాలు నాకు. కూర్చో అల్లుడూ. ఇక్కణ్ణుంచి ఏమవుతుందో ఎవడికీ తెలీదు. ఆట చూడ్డమంటే అదీ."

కూతురు నోరు వెళ్ళబెట్టింది. "నాన్నా, ఎవరితో మాట్లాడుతున్నావో చూసుకున్నావా?"

"చూశాన్లే. టీవీకి అడ్డం లే."

ఆరు, ఏడు పడ్డాయి. బల్ల దగ్గరున్నది నీలం జట్టు ఎడమచేతివాటం కుర్రాడు. ఎనిమిదోది వేశాడు గానీ కర్రతో కొట్టాల్సిన తెల్లబంతి అతిగా దొర్లి దూరం పోయింది. తొమ్మిదోది అవతలి అంచున నక్కింది. కొట్టడానికి ముప్పై సెకన్లే గడువు. అంకెలు తగ్గుతుంటే మామగారి చెయ్యి వచ్చి అల్లుడి మణికట్టును గట్టిగా పట్టుకుంది. ఇంతసేపూ తను ఆట చూడనే లేదని అల్లుడికి అప్పుడు తెలిసింది. కుర్రాడు వంగాడు, కొట్టాడు. తొమ్మిదో బంతి అంచునే పాకి, పాకెట్ మూతికి తగిలి, అటూ ఇటూ ఊగి, నిలబడి, అందరి ప్రాణాలూ తోడేసి, అప్పుడు పడింది.

వకీలుగారు పెట్టిన కేకకు కిటికీ అద్దాలు అదిరాయి. అల్లుడు సోఫా ఎక్కి గెంతుతున్నాడు. మామగారు అతను కిందికి దొర్లకుండా ఒక చేత్తో కాళ్ళు పట్టుకుని, "పడింది రా! ఆరేళ్ళకి పడింది!" అని కళ్ళు తుడుచుకుంటున్నారు.

అంతా చల్లబడ్డాక మార్కరు గొంతు సవరించుకున్నాడు. "బోర్డు మీద కోచ్ అన్న ముక్క చెరిపిస్తాను గానీ బాబూ, పేరు అలాగే ఉండనీ. ఇంత మంచి కాఫీ మా క్లబ్బులో నేను పుట్టి బుద్ధెరిగి తాగలేదు."

అలా అల్లుడు జట్టులో చేరాడు. మామగారు పెట్టిన షరతు ఒక్కటే, అదీ నేరుగా అతనితోనే చెప్పారు: కాఫీ ట్రే బల్లకు పదడుగుల దూరంలో ఆగిపోవాలి.